వాన బయలుదేరే రేవు

మే నెలలో మొంబాసా వెళ్తానంటే నైరోబీలోని మిత్రులు వద్దన్నారు. ‘మసిక నడుస్తోంది, సముద్రం కలకబారి ఉంటుంది, జనవరిలో వెళ్లరాదా’ అన్నారు. మార్చి నుంచి మే దాకా కురిసే పెద్ద వానలను స్వాహిలీలో మసిక అంటారు. ఆ తీరంలో ఏడాది మొత్తంలో వాన ఎక్కువగా పడేది మే నెలలోనే. నేను వెళ్లింది అందుకే. మాది అనంతపురం జిల్లా. ఆకాశంకేసి చూస్తూ పెరిగినవాణ్ని. మనకు ఋతుపవనాన్ని మోసుకొచ్చే గాలి భూమధ్యరేఖ దాటకముందు ఎలా ఉంటుందో ఒంటికి తగిలించుకోవాలని ఎన్నేళ్లుగానో కోరిక.

త్సావో అడవుల మీదుగా రైలు నన్ను సాయంత్రానికి దించింది. మర్నాడు పొద్దున్నే దీవి ఆగ్నేయపు కొసకు వెళ్లాను. మొంబాసా పాత పట్నమంతా దీవి మీదే ఉంది. ఆ కొసన, మామా న్గీనా రోడ్డు పొడవునా ఏనుగుల్లాంటి బావోబాబ్ చెట్లు సముద్రానికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. గాలి చొక్కాను ఒంటికి అంటించేస్తోంది. ఎదురుగా నిలబడితే మాట గొంతులోనే ఆగిపోతుంది. దాని పేరు కూసి. అరగంటకొక జల్లు పడుతుంది, మళ్లీ ఎండ, మళ్లీ జల్లు. ఇంటి దగ్గర రోహిణి కార్తె నడుస్తోంది, రోళ్లు పగిలే ఎండలు. ఇక్కడ నా చేతుల మీద వాన చినుకులు.

ఈ నగరాన్ని గాలులే కట్టాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈశాన్యం నుంచి కస్కాజి వీస్తుంది. అరేబియా నుంచి, కచ్ నుంచి బట్టలు, ఖర్జూరాలు నింపుకున్న తెరచాప ఓడలు దాని మీద వచ్చేవి. కూసి మొదలైతే ఏనుగు దంతాలు, మడచెట్ల వాసాలు ఎక్కించుకుని తిరిగి వెళ్లేవి. మధ్యలో నెలల తరబడి ఇక్కడే ఆగాలి. ఆగినవాళ్లలో కొందరు పెళ్లిళ్లు చేసుకుని ఉండిపోయారు. 1498 ఏప్రిల్‌లో వాస్కో డ గామా మొంబాసాలో ఇమడలేక పక్కనున్న మాలిందీకి వెళ్లి, అక్కడ దారి తెలిసిన నావికుణ్ని ఎక్కించుకుని, కూసి అండతో మూడు వారాల పైచిలుకులో కాలికట్ తీరం చేరాడు. తిరుగు ప్రయాణంలో గాలి అనుకూలించక అదే సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. చాలామంది నావికులు దారిలోనే చనిపోయారు. పోర్చుగీసువాళ్లు 1593లో కట్టడం మొదలుపెట్టిన ఫోర్ట్ జీసస్ గోడ మీద నిలబడి పాత రేవును చూస్తుంటే ఈ లెక్క నాకు బాగా అర్థమైంది.

కోట వెనక సందుల్లో ఇళ్ల ముందు అరుగులున్నాయి. బరాజా అంటారు. సాయంత్రం మగవాళ్లు వాటిమీద చేరతారు. ఇత్తడి కూజాతో కాఫీ అమ్మేవాడు చిన్న గిన్నెలు టకటకలాడిస్తూ వస్తాడు. పంచదార లేని చేదు కాఫీ. నా పక్కన కూర్చున్న ముసలాయన ఒకప్పుడు పడవ నడిపినవాడు. ‘షికామూ, మ్‌జే’ అన్నాను. పెద్దవాళ్లకు పెట్టే దండం అది, పాదాలు పట్టుకుంటున్నానని దానర్థం. ‘మరహబా’ అని ఆయన నవ్వాడు. రేవును వాళ్లు బందరి అంటారు. మా కోస్తాలో బందరు అనే ఊరే ఉందని చెబితే నమ్మలేదు. రంగును రంగి అంటారు, వకీలును వకీలి, బీమాను బీమా. ‘రేపు ఒకటో గంటకు రా, పడవ చూపిస్తా’ అన్నాడు. ఒకటో గంటంటే పొద్దున ఏడు. వాళ్లు గంటల్ని సూర్యోదయం నుంచి లెక్కపెడతారు, మన పాతకాలపు ఘడియల్లాగే.

పొద్దున వెళ్లాను. పడవలన్నీ తాళ్లతో కట్టేసి ఉన్నాయి. ‘కూసి గట్టిపడింది, చిన్న పడవలు బయటికి పోవు’ అన్నాడు. పక్క బండి దగ్గర మహమ్రి, మ్‌బాజి తిన్నాం. ఏలకుల వాసన వేసే పొంగిన పిండివంటతోపాటు, కొబ్బరిపాలలో ఉడికించిన కందులు. కంది పుట్టిల్లు మన దేశమే. ఈ రుచి మనం ఎందుకు కనిపెట్టలేదోనని నిజంగా బాధపడ్డాను.

‘ఈ గాలి ఎక్కడికి పోతుందో తెలుసా?’ అని ముసలాయన్ని అడిగాను. ‘ఉత్తరానికి’ అన్నాడు. అంతవరకూ సరే. భూమధ్యరేఖ దాటాక భూభ్రమణం వల్ల అది కుడివైపుకి తిరుగుతుంది. అరేబియా సముద్రం మీద తేమ నింపుకుని నైఋతి నుంచి మన మీదికొస్తుంది. తూర్పు ఆఫ్రికా అంచున తక్కువ ఎత్తులో దూసుకుపోయే ఈ ప్రవాహాన్ని బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త ఫిండ్లేటర్ 1969లో వివరించాడు. మామూలుగా జూన్ 1 నాటికి కేరళను తాకుతుంది. పడమటి కనుమలు దాటేసరికి అందులోని నీళ్లు చాలావరకు అక్కడే కురిసిపోతాయి. మా అనంతపురానికి మిగిలేది కొంచెమే. ఇదంతా మూకాభినయంతోనూ, ఇసుక మీద గీతలతోనూ చెప్పాను. ఆయన ఆ గీతలవైపు చాలాసేపు చూసి, ‘మీకు కావలసినంత తీసుకెళ్లండి’ అన్నాడు.

మీరూ మే నెలలోనే వెళ్లండి. గదులు చవగ్గా దొరుకుతాయి, ఊరు ఊరిలా కనిపిస్తుంది. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం కనీసం పది రోజుల ముందు వేయించుకోండి.

నేను ఇల్లు చేరింది జూన్ మొదటి వారంలో. మా ఊళ్లో ఇంకా వాన పడలేదు. విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచి అందరూ ఎదురుచూస్తున్నారు. పడమటి గాలి మాత్రం మొదలైంది.