రేకుల గదిలో స్టేషను

2025 ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి

పూజ, పానకం అయ్యాక మేడమీదికి వచ్చాను. కెనడాలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ మిత్రుడు నాకు అప్పగించిన రైలు లేఅవుట్ మొత్తానికి ఈ రేకుల గదిలో కుదురుకుంది. మూడు లైన్ల స్టేషను, చిన్న యార్డు, ఓ చివర వంతెన. హెచ్‌వో స్కేలు, అంటే అసలులో 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1676ను 87తో భాగిస్తే 19 పైచిలుకు రావాలి. బండిని ఎదురుగా నిలబడి చూసిన ప్రతిసారీ ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంటుంది. సులువుగా దొరికే పట్టా మాత్రం ఇదే.

పైనంతా ఆయన చెయ్యి అద్భుతం. సిగ్నల్ క్యాబిన్ కిటికీ రెక్కలు కూడా విడివిడిగా చేశాడు. బల్ల కింద మాత్రం డయాగ్రం లేదు, తీగలకు చీటీలు లేవు, రెండు పట్టాలకూ ఒకే ఎరుపు తీగ. ఇంత పని చేసినవాడు ఒక్క కాగితం రాసి పెట్టి ఉంటే!

ముందు రూపాయి పరీక్ష. కరెంటు ఇచ్చి, రెండు పట్టాల మీదా అడ్డంగా రూపాయి బిళ్ళ పెట్టాలి. పట్టాలకు కరెంటు ఇచ్చే బూస్టరు వెంటనే ట్రిప్ కావాలి, బిళ్ళ తీయగానే మళ్ళీ రావాలి. స్టేషనులో ఠక్కున పోయింది. యార్డు చివర పోలేదు, బిళ్ళ వేడెక్కింది. మన బూస్టరు 15 వోల్టులు, 5 ఆంపియర్లు. దారిలో 3 ఓంలు ఉంటే చాలు, షార్టులో కూడా కరెంటు 5 దాటదు, బూస్టరుకు అది షార్టని తెలియదు. 75 వాట్లు ఆ దారిలోనే వేడిగా దిగిపోతాయి. ప్లైవుడ్ మీద, ప్లాస్టిక్ స్లీపర్ల మీద 75 వాట్లు!

ఆ 3 ఓంలు ఎక్కడివో వెతకక్కర్లేదు. పట్టా ముక్కలను కలిపే చిన్న రేకు జాయినర్ల మీదుగా కరెంటు అంతదూరం నడుస్తోంది. రైల్వే సిగ్నల్ డిపార్టుమెంటులో పనిచేసిన రోజుల్లో, అసలు లైనులో ట్రాక్ సర్క్యూట్ (పట్టాల గుండా కరెంటు పంపి బండి ఉందో లేదో కనిపెట్టే ఏర్పాటు) ఉన్నచోట ఫిష్‌ప్లేటును మేం ఏనాడూ నమ్మలేదు. బోల్టులు ఎంత బిగించినా జాయింటుకు జి.ఐ. బాండ్ వైర్లు వేయాల్సిందే. ఫిష్‌ప్లేటు పని పట్టాను పట్టుకోవడం, కరెంటు మోయడం కాదు. ఇక్కడా అంతే. మూడడుగుల పట్టా ముక్క ప్రతిదానికీ సొంత ఫీడరు తీగ వేస్తాను.

ఏప్రిల్ 13, ఆదివారం

బల్ల కింద ఫీడర్లన్నిటికీ కరెంటు మోసే బస్ వైరు మార్చడం పూర్తయింది. పాతది 0.5 చదరపు మి.మీ. తీగ. అది కిలోమీటరుకు 39 ఓంలు. ఇళ్ళలో ప్లగ్గులకు వాడే 2.5 తీగ 7.4. ఈ బల్లకు పోను రాను 12 మీటర్లు. 3 ఆంపియర్లు లాగితే పాత తీగలో 1.4 వోల్టులు పోతున్నాయి, కొత్తదానిలో పావు వోల్టు. ఎరుపు, నలుపు, రెండూ మెలిపెట్టి లాగాను. ప్రతి ఫీడరుకూ నంబరు, అదే నంబరు నోటుబుక్కులో. ఇప్పుడు బల్లమీద ఏ మూల బిళ్ళ పెట్టినా ఠక్కున పోతోంది.

ఒక సంగతి రాసిపెట్టుకోవాలి. ఈ లేఅవుట్ నడిచే డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో పట్టాల మీదున్నది మన ఇంటి ఏసీ కాదు. చదరపు అలలు. అలలో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లయితే ‘ఒకటి’, 100 అయితే ‘సున్నా’. ఆ సంకేతంలోనే ఏ ఇంజిన్ ఏం చేయాలో ఉంటుంది. 50 సైకిళ్ళకు చేసిన మామూలు మీటరు దాన్ని సరిగ్గా కొలవదు. ఇక్కడికీ అక్కడికీ తేడా చూడ్డానికి పనికొస్తుంది గానీ, వచ్చిన అంకెను నిజమనుకోకూడదు.

మధ్యాహ్నం రెండు దాటాక బూస్టరు ట్రిప్ అయింది. పట్టాల మీద ఏ బండీ లేదు. రాత్రి ఎనిమిదికి చూస్తే అంతా బాగానే ఉంది.

ఏప్రిల్ 16, బుధవారం

మళ్ళీ మధ్యాహ్నమే ట్రిప్. ఈసారి టైము, గది వేడి, ఏ పాయింటు ఎటున్నదీ అన్నీ రాశాను. వచ్చి పోయే ఫెయిల్యూర్‌కు రిజిస్టరే మందు. చెయ్యి వేసి తీగలు కదిపితే అది సర్దుకుంటుంది, మనం బాగు చేశామనుకుంటాం. ఏదీ ముట్టుకోకముందే దాని అలవాట్లు తెలుసుకోవాలి.

తెలిసింది ఇది. గది చల్లగా ఉంటే షార్టు లేదు. వేడిగా ఉన్నా, 3వ నంబరు పాయింటు నార్మల్‌లో, అంటే మెయిన్ లైనుకు ఉంటే లేదు. ఎండా ఉండి, పాయింటు రివర్స్‌లో లూప్ లైనుకు ఉంటేనే.

ఏప్రిల్ 19, శనివారం

షార్టును కళ్ళతో పట్టుకున్నాం. మనవడికి సెలవు. ఇంజిన్లన్నీ దించేసి, బూస్టరు విప్పి, 12 వోల్టుల డీసీ అడాప్టరు పెట్టాను. వరసలో ఆటో బ్రేక్ లైటు బల్బు, 21 వాట్లది. షార్టు ఉంటే బల్బు వెలుగుతుంది, కరెంటు 1.7 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది, ఏదీ కాలదు. ఎంతసేపైనా షార్టును అలాగే నిలబెట్టి వెతుక్కోవచ్చు. బూస్టరు ఠకఠకా పోతూ వస్తూ ఉంటే ఆ అవకాశం ఉండదు.

మీటరు మిల్లీవోల్టుల్లో పెట్టి, బస్ మొదటి నుంచి మీటరుకోచోట ఎరుపు నలుపుల మధ్య కొలిచాం. వాడు బల్ల కింద, నేను పుస్తకంతో పైన.

“172, తాతయ్యా.”

“ముందుకెళ్ళు.”

“147. 122. 96.”

“ఊఁ.”

“71. తాతయ్యా, ఇక్కడా 71. ఇంకా అవతల కూడా 71.”

అక్కడితో చాలు. కరెంటు నడిచినంతమేరే వోల్టేజి తగ్గుతుంది. 71 దగ్గర తగ్గడం ఆగిందంటే, అక్కడే కరెంటు బస్ వదిలి పైకెక్కుతోంది. అవతలి తీగలో కదలికే లేదు. ఒక్క తీగ కూడా విప్పకుండా బల్లంతటిలో ఒక జానెడు చోటుకు వచ్చాం. పైన చూస్తే అక్కడున్నది 3వ నంబరు పాయింటే. దాని క్రాసింగ్ దాటాక మెయిన్ లైను వైపు పట్టాలో రంపంతో కోసిన గ్యాప్ ఉంది. ఉండాలి. దానికి రెండువైపులా మీటరు పుల్లలు పెడితే 2 మిల్లీవోల్టులు. అంటే గ్యాప్ మూసుకుపోయింది.

క్రాసింగ్‌కు కరెంటు పాయింటు మోటారు కాంటాక్టు గుండా వస్తుంది. నార్మల్‌లో మెయిన్ వైపు పట్టాది ఏ తీగో క్రాసింగ్‌దీ అదే, అందుకే గ్యాప్ మూసుకున్నా తెలియదు. రివర్స్ వేయగానే క్రాసింగ్ రెండో తీగకు మారుతుంది, అవతలి పట్టా మారదు. రెండూ తగిలితే షార్టు.

ఏప్రిల్ 20, ఆదివారం

లెక్క వేసి చూశాను. ఈ పట్టా నికెల్ సిల్వరు. పేరులో తప్ప అందులో వెండి లేదు, రాగి, నికెల్, జింకు. మీటరుకు డిగ్రీకి దాదాపు 16 మైక్రాన్లు సాగుతుంది. మిత్రుడు పట్టాలు వేసింది డిసెంబరులో. ఇప్పుడు రేకుల కింద మధ్యాహ్నం అప్పటికంటే 22 డిగ్రీలు ఎక్కువ. గ్యాప్ నుంచి వంతెన దాకా వంపు లేని 3 మీటర్ల పట్టా. సాగుడు 1 మి.మీ. పైనే. రంపం కోత వెడల్పు అందులో సగం కూడా లేదు.

అసలు లైనులో పట్టాల మధ్య కరెంటును ఆపే గ్లూడ్ జాయింటును ఖాళీగా వదలరు. పట్టా ఆకారంలోనే కోసిన ఎండ్ పోస్టు నడుమ ఉంటుంది. గాలిని ఇన్సులేషనుగా నమ్మే మనిషి మా డిపార్టుమెంటులో ఒక్కడూ లేడు. తెల్లవారుజామున, పట్టా చల్లగా ఉండగా, గ్యాప్ వెడల్పు చేసి ప్లాస్టిక్ ముక్క దూర్చి ఆరల్డైట్ పెట్టాను. గట్టిపడ్డాక ఆకురాయితో పట్టా ఆకారానికి అరగదీశాను. మిగతా పాయింట్లన్నిటికీ అలాగే. పొడుగు పట్టాలో మరో రెండుచోట్ల టంకం తీసేసి జాయినరు జారేలా వదిలాను. అక్కడ అటూ ఇటూ ఫీడర్లున్నాయి కాబట్టి కరెంటుకు లోటు లేదు.

మధ్యాహ్నం మూడింటికి, గది మండిపోతుండగా, పాయింటు రివర్స్ వేసి ఆల్కో ఇంజిన్‌ను లూప్‌లోకి పంపించాను. ఆగకుండా వెళ్ళింది.

మే 2, శుక్రవారం

యార్డులో కంకర అంటించాం. జిగురునీళ్ళు తడిగా ఉండగా పట్టాల మధ్య మీటరు కొన్ని వందల ఓంలే చూపించింది. ఆరేదాకా కరెంటు ఇవ్వలేదు. వానాకాలంలో నీళ్ళు నిలిచిన యార్డు కంకర గుర్తుకొచ్చింది. అక్కడ కిలోమీటరుకు 2 ఓంలకు తగ్గకూడదని రూలు. తగ్గితే బండి లేకపోయినా ట్రాక్ సర్క్యూట్ రిలే డ్రాప్, బండి ఉన్నట్టే లెక్క.

మే 11, ఆదివారం

ప్యానెల్ మీద ఏ లైనులో బండి ఉందో దీపం వెలగాలని మనవడి కోరిక, నాదీ. దొరికే డిటెక్టర్లు ఫీడరులో కరెంటు నడుస్తోందా అని చూస్తాయి. ఇంజిన్ ఉంటే నడుస్తుంది. వ్యాగన్ల చక్రాలు ఒకవైపు ఇన్సులేట్ చేసి ఉంటాయి కాబట్టి, ఇరుసుకు 10 కిలోఓంల రెసిస్టరు అతికించాలి. అప్పుడు ఒక్కో ఇరుసు 1.5 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది.

ఇక్కడే నా మనసు ఒప్పుకోవడం లేదు. ఫీడరు తెగిపోతే? కరెంటు ఉండదు, ప్యానెల్ లైను ఖాళీ అంటుంది. బండి మాత్రం అక్కడే ఉంటుంది. ఇది రాంగ్ సైడ్ ఫెయిల్యూర్. మా ట్రాక్ సర్క్యూట్‌లో ఒక చివర బ్యాటరీ, మరో చివర రిలే. ఇరుసు అడ్డొచ్చినా, తీగ తెగినా, బ్యాటరీ చచ్చినా, పట్టా విరిగినా రిలే డ్రాపే, ఎరుపే. అమెరికాలో విలియం రాబిన్సన్ మొదట చేసింది బండి వస్తేనే కరెంటు నడిచే ఏర్పాటు. తీగ తెగితే అది అబద్ధం చెబుతుందని ఆయనే గ్రహించి, 1872లో ఈ మూసిన సర్క్యూట్‌కు పేటెంటు తీసుకున్నాడు. లోకమంతా దాన్ని నమ్మి బండ్లు నడిపింది. బొమ్మ రైలైతే మాత్రం ఆయన వదిలేసిన పద్ధతికి నేను వెనక్కి పోవాలా?

ఒక దారి తోస్తోంది. ప్రతి బ్లాకు ఆఖరి పట్టా ముక్కకు శాశ్వతంగా 22 కిలోఓంల రెసిస్టరు. ఖాళీగా ఉన్నా 0.7 మిల్లీ ఆంపియరు నడుస్తూనే ఉంటుంది. ఒక్క ఇరుసు ఎక్కితే 2.2. అసలేమీ లేకపోతే అది ఖాళీ కాదు, ఫెయిల్యూర్, దానికీ ఎర్రదీపమే. డిటెక్టరు అర మిల్లీ ఆంపియరునైనా పసిగట్టాలి. డిటెక్టరు కాయిల్‌లో ఫీడరును మరిన్ని చుట్లు తిప్పితే పట్టుకుంటుందేమో చూడాలి. రెసిస్టరు ఫీడరు మీద కాకుండా పట్టా మీదే ఉండాలి, లేకపోతే టంకం ఊడినా తెలియదు.

రేపు కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు తేవాలి. ముందు ఒకటో నంబరు లైనుకు పెట్టి, ఫీడరు నేనే తెంపి చూస్తాను.