మధ్యాహ్నం అతిథి, రాత్రి దొంగ

శ్రీలంక ప్యాకేజీ టూర్ల కాగితాల్లో ఏనుగుకి కూడా ఒక టైం ఉంటుంది. మూడో రోజు, మధ్యాహ్నం మూడున్నర: జీపు సఫారీ. దానికి ముందు సిగిరియా కొండ, తర్వాత బఫే డిన్నర్. చెన్నైలో విమానమెక్కితే గంటన్నరలో కొలంబోలో దించే ఈ దేశానికి 2024లో 20 లక్షల మందికి పైగా పర్యాటకులు వచ్చారు. వారిలో 4 లక్షలకు పైగా భారతీయులే. కొందరు రావణుడి జాడలు వెతుక్కుంటూ వస్తారు, కొందరు బీచ్‌ల కోసం, ఇంకొందరు బౌద్ధ క్షేత్రాల కోసం. ఎవరు ఎందుకు వచ్చినా ప్యాకేజీలో ఏనుగు మాత్రం తప్పనిసరి. సాయంత్రం ఆరు దాటాక ఆ ఏనుగు ఎక్కడికి వెళ్తుందో మాత్రం ఏ ప్యాకేజీలోనూ ఉండదు.

ఆ సంగతి బాగా తెలిసిన మనిషి ఒకరు ఓ ఆగస్టులో ఆరు రాత్రుల టూరుకి వచ్చిన పద్నాలుగు మంది బృందంలో ఉన్నారు. పలమనేరుకు చెందిన రిటైర్డ్ హెడ్మాస్టర్. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు టికెట్లు కొని పంపితే భార్యతో కలిసి తొలిసారి దేశం దాటారు. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి 1980లలో చిత్తూరు జిల్లాకు ఏనుగులు రావడం మొదలైన రోజులు ఆయనకు గుర్తే. కౌండిన్య అభయారణ్యం అంచు ఊళ్లలో వరి, చెరకు, అరటి, టమాటా తోటలు తెల్లారేసరికి ఏమయ్యేవో, బడికి రాని పిల్లలు రాత్రంతా ఎక్కడ మేలుకుని ఉండేవారో ఆయన చూశారు. "మా పక్క ఏనుగును చూడ్డానికి దుడ్డిచ్చేవాళ్లు లేరప్పా, తరమడానికే ఇస్తారు" అని బస్సులో ఆయనంటే అందరూ నవ్వారు. స్టీరింగ్ ముందున్న గైడుకి ఎవరో ఆ మాటను ఇంగ్లీషులో చెప్పారు. ముప్పై ఐదేళ్ల ఆ సింహళ యువకుడు మాత్రం నవ్వలేదు.

బృందం దిగిన హోటల్ హబరణ దగ్గర ఉంది. అడవిని కొట్టేసి కట్టారా, అడవిని అలాగే ఉంచి కట్టారా అన్నది చెప్పలేనంత పచ్చదనం. గదిలో అడుగుపెట్టగానే మంచం పక్కన ఒక కాగితం: బాల్కనీ తలుపు గడియ వేసుకోండి, కోతులు వస్తాయి. ఆ కాగితాన్ని నమ్మని తిరుపతి కుటుంబం ఒకటి తొలిరోజే రెండు బిస్కెట్ ప్యాకెట్లు, ఒక కళ్లజోడు పెట్టె పోగొట్టుకుంది. చీకటి పడ్డాక భోజనాల హాలు నుంచి గదికి వెళ్లాలంటే టార్చి పట్టుకున్న కాపలాదారు తోడుండాలి. ఉదయం టిఫిన్‌లో ఇడియాప్పం, పప్పు, కొబ్బరి సంబోలు. శాకాహారులైతే సంబోలు వేసుకునే ముందు అడగాలని గైడ్ ముందే హెచ్చరించాడు. చాలాచోట్ల అందులో ఎండుచేప పొడి కలుపుతారు. ఈత కొలను పక్కనే మొసలి పిల్లంత ఉడుము నింపాదిగా నడిచిపోతుంటే హెడ్మాస్టర్ గారి భార్య, "ఏమండీ, ఇది కూడా హోటలు వాళ్లదేనా?" అని అడిగారు.

సఫారీ మిన్నేరియాలో. మూడో శతాబ్దంలో మహాసేనుడనే రాజు తవ్వించిన చెరువు చుట్టూ 8,889 హెక్టార్లలో విస్తరించిన అడవిని 1997లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. ఎండాకాలంలో చెరువు తీసినకొద్దీ అంచున లేత గడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులన్నీ ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఆ గడ్డి కోసం వస్తాయి. మంచి ఏడాదిలో ఒకేచోట 200 నుంచి 300 వరకు కనిపించే ఈ సంతకు పర్యాటక పరిభాషలో 'గ్యాదరింగ్' అని పేరు. అది ప్రకృతి ఏర్పాటని అనుకుంటాం గానీ, నిజానికి పదిహేడు వందల ఏళ్ల కిందటి సేద్యపు చెరువు వల్ల పుట్టిన ఏర్పాటు. కొత్త సేద్యపు పథకంతో దానికి చిక్కొచ్చింది కూడా. 2018లో మొరగహకంద రిజర్వాయర్ అందుబాటులోకి వచ్చాక దాని నీరు ఎండాకాలంలోనూ మిన్నేరియాకు చేరడంతో, గడ్డి మొలవాల్సిన నేల కొన్నేళ్లు నీటి అడుగునే ఉండిపోయింది. ఏనుగుల సంత పలచబడింది. అందుకే జీపు డ్రైవర్లు ఇప్పుడు బయల్దేరే ముందు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు. మిన్నేరియాలో లేకపోతే కౌడుల్లా, అక్కడా లేకపోతే హురులు.

ఆ రోజు మిన్నేరియాలోనే ఉన్నాయి. మొదట పది, తర్వాత ముప్పై, ఆపైన లెక్కపెట్టడం మానేశారు. గున్నలను మధ్యలో పెట్టుకుని నడిచే తల్లులు, గడ్డిని కాలితో తన్ని వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి నోట్లో పెట్టుకునే ఓపిక, దూరంగా నీటి అంచున కొంగలు. మగ ఏనుగులకు దంతాలు లేవేమని పిల్లలు అడిగారు. శ్రీలంక ఏనుగుల్లో మగవాటికీ దంతాలుండటం అరుదు, నూటికి పదింటికైనా ఉండవు. ఒక గుంపును ఇరవైకి పైగా జీపులు చుట్టుముట్టినప్పుడు పెద్ద ఆడ ఏనుగు ఒకటి చెవులు విప్పి రెండడుగులు ముందుకేసింది. జీపులోని వాళ్లంతా ఫోన్లు పైకెత్తారు. హెడ్మాస్టర్ ఒక్కరే ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నారు.

రాత్రి భోజనాలవుతుండగా దూరంగా టపాసులు పేలాయి. పక్క టేబుల్ వాళ్లు పెళ్లి అనుకున్నారు, ఇంకొకరు ఏదో పండగన్నారు. హెడ్మాస్టర్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "పెండ్లి కాదు. ఏనుగు దిగినట్టుంది" అన్నారు.

మర్నాడు గైడ్ ఆ మాట నిజమేనన్నాడు. వన్యప్రాణి శాఖ రైతులకిచ్చే ఆ టపాసులకు సింహళంలో పేరు 'అలి వెడి'. అలి అంటే ఏనుగు. పొలంలో చెట్టు మీద కట్టుకున్న గూడును 'పెల' అంటారని చేతులతో ఆకారం చూపించి వివరించబోతుంటే హెడ్మాస్టర్ మధ్యలోనే అందుకున్నారు: "మంచె." గైడ్ తండ్రికి డెబ్బై ఏళ్లు. కోతల కాలంలో రాత్రంతా ఆ మంచె మీదే ఉంటాడు. కొడుకు తోడుండాలి. కానీ కోతలూ, ఏనుగుల సంతా, పర్యాటకుల రద్దీ అన్నీ ఒకే రెండు నెలల్లో వస్తాయి. కొడుకు ఏనుగులను చూపించి తెచ్చే జీతంతోనే ఇల్లు గడుస్తోంది. తండ్రి వాటిని తరుముతుంటేనే ధాన్యం దక్కుతోంది. అడవిలో ఫొటోకు నిలబడిన ఏనుగూ, చేలో దిగిన ఏనుగూ ఒకటి కావని చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు.

లెక్కలు ఇంతకన్నా కటువుగా ఉన్నాయి. 2011 గణనలో శ్రీలంకలో 5,879 ఏనుగులున్నట్టు తేలింది. 2023 ఒక్క ఏడాదిలోనే 450కి పైగా ఏనుగులు చనిపోయాయి. ఏనుగుల బారిన పడి 150 మందికి పైగా మనుషులు మరణించారు. తుపాకులు, అక్రమంగా పెట్టిన కరెంటు తీగలు, 'హక్క పటస్' ఏనుగుల పాలిట మృత్యువులు. ఈ చివరిది గుమ్మడి వంటి కాయల్లో దాచిపెట్టే నాటుబాంబు. కొరికితే దవడ పేలిపోతుంది, తిండి తినలేక ఏనుగు రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది. 2025 ఫిబ్రవరి 20న ఇదే హబరణ దగ్గర ప్యాసింజర్ రైలు ఢీకొని ఆరు ఏనుగులు చనిపోయాయి. ఏనుగులను పార్కుల్లోకి తరిమి కంచె వేస్తే సరిపోతుందన్నది దశాబ్దాల ప్రభుత్వ విధానం. ప్రితివిరాజ్ ఫెర్నాండో బృందం జరిపిన దేశవ్యాప్త సర్వే దాన్ని తలకిందులు చేసింది. ద్వీపంలో దాదాపు 60 శాతం భూభాగంలో ఏనుగులు తిరుగుతున్నాయి. అందులో సుమారు 70 శాతం మనుషులు కాపురముంటున్న నేలే.

మరి హోటళ్ల మాటేమిటి? దంబుల్లా సమీపంలోని కందలమ హోటల్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. ప్రసిద్ధ వాస్తుశిల్పి జెఫ్రీ బావా రూపకల్పన చేసిన ఆ హోటల్ కట్టబోతున్నప్పుడు, 1992లో, గ్రామస్తులు, బౌద్ధ భిక్షువులు, పర్యావరణవాదులు పెద్ద ఎత్తున ఆందోళన చేశారు. ఊళ్లకు ఆధారమైన చెరువు కలుషితమవుతుందన్నది వారి ప్రధాన భయం. కట్టడం ఆగలేదు గానీ, వాననీరూ జంతువులూ కింది నుంచి సాగిపోయేలా స్తంభాల మీద నిలిపారు. ఇప్పుడు తీగలల్లుకుని కొండలో కలిసిపోయిన ఆ భవనం ముందు ఆగి ఫొటోలు తీసుకోని పర్యాటకుడు ఉండడు. హోటల్ కట్టేముందు పక్క ఊరి మాట వినిపించాలంటే ఊరు రోడ్డెక్కాల్సి వచ్చిందన్నది ఆ ఫొటోల్లో కనిపించదు.

సిగిరియా దిగి వస్తుంటే ఇంకో వింత. చెట్టు కింద బుట్టలో తాచుపామును ఆడిస్తున్న ముసలాయన, తెలుగు బృందం మాటలు విని తలెత్తి, "యాడ నుంచి వచ్చినారు?" అన్నాడు. శ్రీలంకలో అహికుంటికులనే సంచార జాతి ఉంది. పాములాడించడం, కోతులాడించడం, జోస్యం చెప్పడం వారి కులవృత్తులు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. అనూరాధపుర జిల్లాలోని కూడాగమలోనూ, తూర్పు తీరంలోని అళిగంబేలోనూ వారి ఊళ్లున్నాయి. ముసలాయన మాటల్లో సగం సింహళం, సగం తమిళం కలిసినా హెడ్మాస్టర్ గారి భార్యకు అర్థమవుతూనే ఉంది. మనవలకు ఈ మాటా రాదు, ఈ బుట్టా వద్దంటారని చెప్పాడాయన. జంతువును నమ్ముకుని బతికే మనుషుల్లో హోటల్ యజమాని ఒక కొసనైతే ఈయన మరో కొస. ఇద్దరి మధ్య గైడూ, మంచె మీది ముసలి తండ్రీ.

క్యాండీ దారిలో ప్యాకేజీ ప్రకారం ఒక సుగంధద్రవ్యాల తోట దగ్గర ఆగాలి. అక్కడ కొనే ప్రతి నూనె సీసా మీదా గైడుకి కమీషన్ ఉంటుంది. హెడ్మాస్టర్, "ఆ తోట మాకొద్దు నాయనా, మీ ఇల్లు చూపించు" అన్నారు. బృందంలో ఇద్దరు గొణిగారు. గైడ్ కాసేపు ఆలోచించి, మెయిన్ రోడ్డు వదిలి బస్సును మట్టిదారిలోకి తిప్పాడు.

పెంకుటిల్లు. వంటగది గోడ సగం పాతది, సగం కొత్త ఇటుక. ధాన్యం బస్తాల వాసనకు వచ్చిన ఏనుగు కిందటేడు ఆ గోడను తోసేసింది. పరిహారానికి కాగితాలు పెట్టారు, తిరుగుతున్నారు. గైడ్ తల్లి అందరికీ పాలు లేని టీ, జీలుగ బెల్లం ముక్క ఇచ్చింది. హెడ్మాస్టర్ గారి భార్యకూ ఆమెకూ కలిసిన భాష లేదు. ఇద్దరూ ఆ గోడ దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. తండ్రి నిద్రపోతున్నాడు. పగలే ఆయనకు రాత్రి.

దారి లేదని కాదు. గల్గమువ ప్రాంతంలో రైతులే పంటకాలంలో పొలాల చుట్టూ విద్యుత్ కంచె వేసుకుని, కోతలయ్యాక తీసేస్తున్నారు. అప్పుడు ఏనుగులు మోళ్లను మేసి పోతాయి. నష్టం బాగా తగ్గింది. కంచె అడవి చుట్టూ కాదు, ఊరి చుట్టూ, చేను చుట్టూ ఉండాలని ఫెర్నాండో నాయకత్వంలోని కమిటీ 2020లో ఇచ్చిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా చెప్పింది. దానికి కావాల్సింది ఊరూరా కాస్త డబ్బు, తీగ తెగితే ఆరోజే కట్టే మనిషి. పార్కు టికెట్టు, జీపు అద్దె, అడవిని చూసే గదికి అదనపు బాడుగ... ఏనుగు పేరిట ఇంత వసూలవుతున్న చోట, దాని తిండి ఖర్చు మాత్రం చెరువు కింది రైతు భరిస్తున్నాడు. ఇది శ్రీలంక లెక్క మాత్రమే కాదు. 2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగులను తెచ్చుకున్న ఆంధ్రప్రదేశ్‌కూ రేపు వాటిని చూడ్డానికి జనం వస్తారు, పక్కనే రిసార్టులు లేస్తాయి. ఆ బిల్లులో టమాటా రైతు వాటా ఎంతో ముందే రాసుకోవడం మేలు.

టూరు చివర్లో ఉడవలవె. తల్లులను కోల్పోయిన గున్నలను 1995 నుంచి ఇక్కడ పాలు పట్టి పెంచి, మళ్లీ అడవిలో వదులుతున్నారు. తాకనివ్వరు, దూరంగా కూర్చుని చూడాలి. తలుపు తీయగానే గున్నలు గొట్టం దగ్గరికి పరుగెత్తుకొస్తుంటే గ్యాలరీ అంతా కేరింతలు. ఈ పిల్లలకు తల్లులెందుకు లేరని హెడ్మాస్టర్ గారి భార్య అడిగారు. గైడ్ కాసేపు జవాబివ్వలేదు. కొన్ని కాలువల్లో, బావుల్లో పడి గుంపు నుంచి తప్పిపోతాయన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కొన్నిటికి మా ఊళ్ల వల్ల, ఆంటీ" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాడు. వర్షం పడేలా ఉందనీ, కోత ఇంకా రెండెకరాలు మిగిలిందనీ తండ్రి చెప్పాడు. ఎల్లుండి ఎయిర్‌పోర్టులో ఈ బృందాన్ని దించితే మర్నాడు ఇంకో బృందం దిగుతుంది. మధ్యలో ఒక్క రాత్రి ఖాళీ. ఆ రాత్రి మంచె మీద తాను ఉంటానని, నువ్వు ఇంట్లో పడుకోమని తండ్రికి చెప్పాడు.