గ్రంథపాతం

ఇడ్లీ రేకులో నాలుగు గుంటలు. మొదటిదాంట్లో స్టాండు స్క్రూలు వేశాను. రెండోదాంట్లో వెనక మూతవి. మూడోదాంట్లో హార్డ్ డిస్కుని పట్టి ఉంచే చట్రానివి. ఏది ఎక్కడిదో తికమక పడకుండా ఇంతకన్నా మంచి ఏర్పాటు నాకు తట్టలేదు. స్క్రూలన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి గానీ పొడుగులో బియ్యపుగింజంత తేడా ఉంటుంది. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే లోపల దేన్నో ఒకదాన్ని పొడుస్తుంది.

కంప్యూటరు దివాను మీద బోర్లా పడుకుని ఉంది. తెర గీసుకుపోకుండా కింద నాన్న పాత పంచె నాలుగు మడతలు పెట్టి పరిచాను. పక్కన అమ్మ సెల్‌ఫోను లైటు పట్టుకుని కూచుంది. మూత ఊడొచ్చాక వంగి చూసి, "లోపల ఇంతేనా?" అంది. నాకూ అదే అనిపించింది. పదేళ్లుగా ముఖం ఒక్కటే చూసిన వస్తువు. వీపు చూడటం ఇదే మొదలు.

ఇది ఆల్ ఇన్ వన్ రకం. డబ్బా వేరు, తెర వేరు కాకుండా అంతా తెర వెనకే ఇమిడి ఉంటుంది. బల్ల మీద చోటు కలిసొస్తుందనీ, వైర్ల చిక్కు ఉండదనీ నాన్న రిటైరైన ఏడాది ముచ్చటపడి కొనుక్కున్నారు. పొద్దున్నే కాఫీ తాగి దాని ముందు కూచుంటే మళ్లీ పేపరువాడు వచ్చాకే లేచేవారు. ఆయన పోయి మూడేళ్లయింది. కంప్యూటరు మాత్రం ఆ బల్ల మీదే ఉంది.

పోయిన దసరా నుంచి అది మొరాయిస్తోంది. మీట నొక్కాక పనికి సిద్ధం కావడానికి ఏడు నిమిషాలు. ఏదైనా ఫైలు తెరవబోతే లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు, గొళ్లెం పడీ పడనట్టు. చదవాల్సిన చోటు దొరక్క డిస్కు మీద హెడ్డు వెనక్కీ ముందుకీ కొట్టుకుంటోందన్నమాట. వీధి చివర రిపేరు షాపులో చూపిస్తే అక్కడి కుర్రాడు ఒక్క నిమిషం చెవి పెట్టి విన్నాడు. "హార్డ్ డిస్కు పోతోంది మేడమ్. ఎస్‌ఎస్‌డీ వేస్తే సిస్టమ్ పరిగెడుతుంది. డేటాకి మాత్రం గ్యారంటీ లేదు" అన్నాడు. ఉన్నమాట చెప్పాడు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ అతను డేటా అన్నదాంట్లో అమ్మ పాటలున్నాయి.

అమ్మకి పెళ్లిపాటలు చాలా వచ్చు. నలుగు పాటలు, బువ్వపు బంతి పాటలు, వియ్యపురాలిని ఆటపట్టించేవి, అప్పగింతలవి, మంగళహారతులు. తెనాలి పక్కన పల్లెలో వాళ్లమ్మ దగ్గరా మేనత్తల దగ్గరా వింటూ పట్టుకున్నవి. ఎక్కడా రాసి పెట్టుకోలేదు. నాన్న ఒక వేసవంతా అమ్మని పక్కన కూచోబెట్టుకుని, పాడించుకుని, ఒక్కొక్కటే టైపు చేశారు. అంతా ఒకే ఫైలు. దానికి రెండో ప్రతి లేదు. ఇన్నేళ్లలో ఒక పెన్‌డ్రైవులోకైనా ఎక్కించాలని మాలో ఎవరికీ తోచలేదు. కళ్లెదురుగా ఉన్నదానికి ప్రతి ఎందుకు రాసుకుంటాం!

అందుకే మూత విప్పడానికి ముందు రాత్రే అసలు పని జరిగింది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో అదే పరిమాణం గల ఎస్‌ఎస్‌డీ, దాన్ని యూఎస్‌బీకి తగిలించే చిన్న కేబులూ కొన్నాను. చెడిపోతున్న డిస్కు మీద విండోస్ నడపడమంటే కాలు బెణికినవాడి చేత బరువు మోయించడమే. అంచేత లైనక్సు ఉన్న పెన్‌డ్రైవుతో కంప్యూటరు లేపి, పాత డిస్కుని కదిలించకుండా, అందులోదంతా కొత్తదానిలోకి నకలు తీయించాను. అందుకు వాడిన ప్రోగ్రాం పేరు డీడీరెస్క్యూ. అది పనిచేసే తీరు నాకు చాలా నచ్చింది. చదవలేని చోటు తగిలితే అక్కడే కూచుని పోట్లాడదు. గుర్తు పెట్టుకుని దాటిపోతుంది. ముందు సులువుగా దొరికేదంతా భద్రం చేస్తుంది. డిస్కులో మిగిలిన కాస్త ఓపికతో ఆ తర్వాత వెనక్కి వచ్చి, చిక్కుచోట్లని మళ్లీ మళ్లీ అడుగుతుంది.

పాతకాలపు లేఖకులు చేసిందీ ఇదే. చెద తిన్న తాటాకు చేతికొస్తే, అందినంతవరకు కొత్త ఆకు మీదికి ఎక్కించి, అందనిచోట ఖాళీ వదిలేవారు. ఆ ఖాళీకి మన పండితులు పెట్టిన పేరు గ్రంథపాతం. అచ్చు పుస్తకాల్లో పద్యం మధ్య చుక్కల వరస, కింద ఆ ఒక్క మాట కనిపిస్తే నాకు చిన్నప్పట్నుంచీ గుండె కలుక్కుమంటుంది. అక్కడ ఒకప్పుడు ఏదో ఉండేదని ఆ చుక్కలే సాక్ష్యం. సి.పి. బ్రౌన్ తన జీతంలోంచి పండితులకి జీతాలిచ్చి, ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదాంతో ఒకటి పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాలూ అలా వడపోసినవే. ఒకదాంట్లో చెద తిన్న చోటు ఇంకోదాంట్లో మిగిలి ఉండొచ్చు. మాకు ఆ ఇంకోటి లేదు.

తెల్లవారుజామున లేచి చూస్తే నకలు పూర్తయింది. చదవలేకపోయినది 36 కిలోబైట్లు. 500 గిగాబైట్లలో అది సముద్రంలో కాకిరెట్ట. కానీ నాన్న వాడిన పాత ఫాంటులో ఒక పాటకి రెండు కిలోబైట్లు చాలు. పోయినవి విండోస్ తాలూకు పనికిమాలిన ముక్కలో, పద్దెనిమిది పాటలో అప్పుడే తెలియలేదు.

మూత విప్పడం అనుకున్నంత కష్టం కాదు, అనుకున్నంత సులువూ కాదు. ప్లగ్గు పీకి, మీటని కాసేపు అదిమి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఒంట్లో ఉండే స్థిరవిద్యుత్తు చిప్పులకి చేటు కాబట్టి ముందుగా ఇనప కిటికీ చువ్వ ముట్టుకున్నాను. ఆ పైన స్టాండు విప్పి, పాత ఏటీఎం కార్డు అంచుని మూత సందులోకి దూర్చి చుట్టూ నడిపించాలి. ఒక్కో కొక్కెం ఊడినప్పుడల్లా టప్పుమంటుంది. మొదటి చప్పుడుకి అమ్మ "విరిగిందే!" అని చెయ్యి పట్టుకుంది. "విరగలేదమ్మా, ఊడింది. లైటు ఇటు పట్టు" అన్నాను గానీ నా గుండే ఆగినంత పనయింది. అయిదో కొక్కేనికి వచ్చేసరికి ఎంత బలం చాలో వేళ్లకి తెలిసిపోయింది.

ఈ రకం కంప్యూటర్లన్నీ ఇలా తెరుచుకోవు. ఆపిల్ ఐమాక్‌నే తీసుకుంటే 2011 నమూనాల దాకా ముందు అద్దాన్ని అయస్కాంతాలు పట్టి ఉంచేవి. గాలి పీల్చి అతుక్కునే రబ్బరు కప్పులు రెండు అంటించి లాగితే వచ్చేసేది. 2012 చివర్లో వచ్చిన పల్చటి నమూనాలో అద్దాన్నీ తెరనీ ఒకటి చేసి చుట్టూ జిగురు పట్టీతో అంటించారు. దాన్ని తెరవాలంటే పట్టీని కోయాలి, మూసేటప్పుడు కొత్త పట్టీ వేయాలి. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, స్క్రూ ఉన్న వస్తువు మీదే నాకు గౌరవం. ఏదో ఒకనాడు ఇంకో చెయ్యి నన్ను విప్పుతుందని ఆ స్క్రూ ఒప్పుకుంటుంది. మా తాతయ్య గోడ గడియారాన్ని ఏడాదికోసారి విప్పి, నూనె చుక్క వేసి, ఎక్కడివక్కడ పెట్టేవాడు. ఆయన గడియారాలు బాగుచేసేవాడేం కాదు, ఆ ఇంట్లో మనిషి, అంతే.

చట్రం లోంచి డిస్కు బయటికి వచ్చింది. అరచేతిలో ఇమిడిపోయింది. సుమారు వంద గ్రాములు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్కు కూడా వచ్చింది. ఐబీఎం వాళ్లు రామాక్ అనే యంత్రంతో ఇచ్చిన ఆ డిస్కులో రెండడుగుల వ్యాసం గల పళ్లేలు యాభై. అన్నీ కలిసి యాభై లక్షల అక్షరాలు దాచేవి. ఇప్పుడు నా చేతిలో ఉన్నదాని లోపల పళ్లెం ఇడ్లీ కన్నా చిన్నది. సెకనుకి 90 సార్లు తిరుగుతుంది. దాని అంచు గంటకి 60 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంటే, చదివే హెడ్డు దాన్ని తాకకుండా కొన్ని నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతుంటుంది. తలవెంట్రుక మందం అందులో ఎన్నో వేల రెట్లు. పొగలోని నలుసు కూడా ఆ సందులో పట్టదు. డిస్కు పైన ఒక సూదిబెజ్జం, దాని పక్కన ఈ రంధ్రం మూయొద్దని ఇంగ్లీషులో హెచ్చరిక. తేలడానికి గాలి కావాలి కదా, దుమ్ము వడకట్టుకుని ఆ గాలి అక్కణ్నుంచే లోపలికి వెళుతుంది.

ఆ బెజ్జాన్ని అమ్మకి చూపించాను. "ఊపిరి తీసుకుంటుందన్నమాట" అంది. చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూచుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, చప్పుడూ లేదు. సూక్ష్మమైన గదుల్లో విద్యుదావేశాన్ని బంధించి ఉంచుతుంది, అక్షరాలు ఆ లెక్కన నిలుస్తాయి. పాత చట్రంలోనే సరిగ్గా అమిరింది. కనెక్టరు ఎల్ ఆకారపు గాడితో ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టాలన్నా కుదరదు. మూత పూర్తిగా నొక్కేయకుండా ఒకసారి నిలబెట్టి మీట నొక్కాను. అరనిమిషంలో తెర మీద నాన్న పెట్టుకున్న గోదావరి వంతెన బొమ్మ వచ్చేసింది. ఏడు నిమిషాలు ఎదురు చూడటానికి అలవాటు పడిన మాకు ఆ తొందర కొంచెం కొత్తగా ఉంది.

పాటల ఫైలు తెరుచుకుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా జరిపి చూశాను. పోయిన 36 కిలోబైట్లు ఇందులోవి కావు.

ఈసారి ప్రతి తీయడం మర్చిపోలేదు. వెంటనే పెన్‌డ్రైవులోకి ఎక్కించి నా ల్యాప్‌టాప్‌లో తెరిచాను. అక్కడ పాటలు లేవు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకాలు. యూనికోడ్ 1991లోనే తెలుగు అక్షరాలకి సొంత సంఖ్యలు కేటాయించింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా డీటీపీ చేసేవాళ్లు చాలామందిలాగే నాన్న కూడా వేళ్లకి అలవాటైన పాత పద్ధతే వాడారు. అందులో గుడి, కొమ్ము, ఒత్తు ఒక్కొక్కటీ ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల్లో అద్దెకుంటాయి. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు, లేనిచోట గీతలు. డిస్కు బతికినంత మాత్రాన పాట బతికినట్టు కాదని అప్పుడర్థమైంది.

ఇంకో తిరగరాత కావాలి. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం ఒకటి సంపాదించాను. చాలావరకు సరిగానే మార్చింది గానీ ఒత్తులు అక్కడక్కడ పక్క అక్షరం కిందికి జారాయి, సున్నాలు మాయమయ్యాయి. నాన్న కంప్యూటరు ఒక పక్క, నా ల్యాప్‌టాప్ ఇంకో పక్క పెట్టుకుని, సాయంత్రాలు అమ్మా నేనూ కూచుంటున్నాం. పాత తెర మీది చరణం అమ్మ చదువుతుంది. చదవడం రెండో మాటకే పాడటం అవుతుంది. కొత్త తెర మీద నేను దిద్దుతాను. రోజుకి రెండు పాటలు, ఒక్కోరోజు ఒకటే.

నిన్న ఒక అప్పగింతల పాటలో, మూడో చరణం తర్వాత, చుక్కల వరస కనిపించింది. మార్చే ప్రోగ్రాం ఏదో మింగేసిందనుకుని గబుక్కున పాత తెర వైపు చూశాను. అక్కడా చుక్కలే. నాన్న టైపు చేసినవి, లెక్కగా ఒక పాదమంత.

"అది మా చిన్నమేనత్త అందుకునేది" అంది అమ్మ. "ఆ పాదం దగ్గర మేమంతా ఊరుకునేవాళ్లం. ఆవిడ ఒక్కతే గొంతెత్తేది. ఏడుస్తూ పాడేది, మాటలు సరిగా తెలిసేవి కావు. మీ నాన్నగారు రెండు రోజులు అడిగారు. నాకు రాలేదు."

"ఇప్పుడేమైనా గుర్తొస్తుందేమో చూడమ్మా."

అమ్మ కళ్లు మూసుకుని మూడో చరణం మళ్లీ మొదట్నుంచి ఎత్తుకుంది. చుక్కల దగ్గరికి వచ్చి ఆగింది. సరిగ్గా ఒక పాదం పట్టేంతసేపు పెదవి కదపకుండా తాళం మాత్రం తొడ మీద వేసి, తర్వాతి చరణం అందుకుంది. నేను చుక్కలు అలాగే ఉంచి సేవ్ చేశాను.