కారునకు తగిన కందెన

వంటయింటి సంగతులను, శిశుపోషణమును, వ్రతకథలను చదువ నలవాటుపడిన మీకు మోటారుబండి నూనెను గూర్చిన ఈ వ్యాసము వింతగా తోచవచ్చును. కాని నేడు మనలో ననేకుల వాకిట కారు నిలిచియున్నది. దానిని కొనుటకు మన నగలును, పోషించుటకు మన పొదుపును అక్కరకు వచ్చుచున్నవి. అట్టి వస్తువును గూర్చి మనము తెలియకుండుట మేలు కాదని మాకు కష్టముమీద తెలిసినది. కావున మేము చేసిన తప్పును దాచక చెప్పెదము.

మావారు ఆదిలాబాదు పట్టణమున నుపాధ్యాయులు. మూడేండ్ల క్రిందట ఒకరు వాడి విడిచిన చిన్న పెట్రోలు కారును కొంటిమి. అది వేడుకకు కొన్నది కాదు. మా అత్తగారికి ఉబ్బసవ్యాధి కలదు. రాత్రివేళ ఆయాసము హెచ్చినచో వైద్యాలయమునకు తీసికొనిపోవుటకు ఇంట నొక సాధన ముండవలెననియే కొన్నది.

మొదటి యేడు వైశాఖమాసమున బండికి నూనె మార్పింపవలసివచ్చెను. మావారికి తీరిక లేనందున మేమే మరమ్మతు షెడ్డునకు పోయితిమి. ఏ నూనె పోయవలెనని మెకానిక్కు అడిగెను. అచ్చట పలుచనిదియు చిక్కనిదియు రెండు రకము లుండెను.

మా పుట్టినిల్లు పాలమూరు జిల్లా. ఆముదపు చేలు గల సీమ. బాల్యమున మా తండ్రిగారు అరుగుపై కూర్చుండి మాకు అమరమును, భాగవతమును చెప్పుచుండగా, వాకిట పాలేరు ఎడ్లబండి యిరుసునకు ఆముదమును, గడ్డిమసిని కలిపిన కందెన పెట్టుచుండెడివాడు. కందెన ఎంత చిక్కనైన బండి కంత బలమని వాని మాట. ఆ మాట మా మనస్సున నాటియుండెను. అదియుగాక ఆదిలాబాదున వేసవి యెండ 45 డిగ్రీలకు చేరుచుండును. ఇంతటి వేడిమికి పలుచని నూనె నీరై పోవునని తలచి, చిక్కనిదగు 20డబ్ల్యూ-50 నూనెనే పోయుమంటిమి. "ఈ బండ్లకు పలుచనిదే పోయుదురమ్మా" అని యతడు సందేహించెను. మేము వినలేదు. వేసవి గడచినది. పెట్రోలు కొంచెము హెచ్చుగా ఖర్చగుచున్నట్లు తోచినను, బండి పాతదగుటచే నని సరిపెట్టుకొంటిమి.

పుష్యమాసము వచ్చినది. ఆదిలాబాదు చలి యెరిగినవారికి దానిని గూర్చి చెప్పనక్కరలేదు. కొన్ని దినములలో తెల్లవారుజామున 5 డిగ్రీలకు దిగిపోవును. అట్టి యొక దినమున నాలుగు గంటల వేళ మా అత్తగారికి ఆయాసము మిక్కుటమయ్యెను. మావారు పరుగున పోయి కారు తాళపుచెవి త్రిప్పిరి. యంత్రము మూలిగినదేగాని తిరుగలేదు. నాలుగుమారులు ప్రయత్నించునప్పటికి బ్యాటరీయు చల్లబడిపోయెను. 108 నంబరునకు ఫోను చేసితిమి. ఆ బండి వచ్చులోపల అరగంట గడచినది. అత్తగారి వీపు నిమురుచు, ఆమె యొక్కొక్క యూపిరిని లెక్కించుచు మేము గడపిన ఆ యరగంట మాకు జన్మమున మరపురాదు. దైవానుగ్రహముచే ఆమెకు ఆపద తప్పినది. మూడవనాడు ఇంటికి వచ్చిరి.

తరువాత మెకానిక్కు వచ్చి చూచి రెండు కారణములు చెప్పెను. బ్యాటరీ ముందే బలహీనపడియున్నది. నూనె బండికి తగనిది. పలుచని నూనెయే యుండినచో ఆ కొలది బలముతోనే యంత్రము తిరిగెడిదేమో యనెను. కొలపుల్లను పైకి తీసి చూపగా, నూనె చలిలోని తేనెవలె మెల్లగా జారుచుండెను. "బండితో వచ్చిన పుస్తకము చూడలేదా యమ్మా" అని యతడు అడుగగా మాకు తల వంగిపోయినది. ఆ పుస్తకము కారు ముందటి యరలో పాతయజమానుని నాటినుండియు సంచి విప్పకయే యున్నది. విప్పి చూడగా 0డబ్ల్యూ-20 నూనె పోయవలెననియు, అది దొరకనిచో 5డబ్ల్యూ-30 పోయవచ్చుననియు స్పష్టముగా నుండెను. అమరశ్లోకమున నొక యక్షరము తప్పినచో పిల్లలను మందలించు మేము, ఇంటనే యున్న గ్రంథమును తెరవకపోతిమి!

అత్తగారు ఈ సంగతి విని నవ్వుచు, "అమ్మాయీ! నాకు ఎండలోనైనను చలిలోనైనను అంబలి పలుచగానే కాచి యిచ్చెదవు గదా. ఆ బండికి మాత్రము సంకటి పెట్టితివేమి?" అనిరి. ఆమె నవ్విరి గాని మాకు కన్నుల నీరు తిరిగినది.

అప్పటినుండి ఈ విషయమును శ్రద్ధగా తెలిసికొంటిమి. నూనెడబ్బాపై నుండు అంకెలను మొదట వివరించెదము. ద్రవముల చిక్కదనమును శాస్త్రజ్ఞులు స్నిగ్ధత యందురు. మోటారు నూనెలను స్నిగ్ధతనుబట్టి తరగతులుగా విభజించు పద్ధతిని అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘమువారు 1911లో ఏర్పరచిరి. డబ్బాలపై ఎస్.ఏ.ఇ. అను అక్షరములు ఆ సంఘము పేరే. డబ్ల్యూ అనగా ఇంగ్లీషున శీతకాలమునకు గుర్తు. దానికి ముందున్న యంకె చలిలోని నడతను తెలుపును. అది యెంత తక్కువైన, నూనె చలిలో నంత సులభముగా కదలును. 20డబ్ల్యూ నూనెను సున్నకు దిగువ 15 డిగ్రీల చలిలో పరీక్షింతురు. 0డబ్ల్యూ నూనె సున్నకు దిగువ 35 డిగ్రీల చలిలో పరీక్షకు నిలువవలెను. రెండవ యంకె నూనె కాగి 100 డిగ్రీల కెక్కినప్పటి చిక్కదనమును తెలుపును. ఆ వేడిలో 20 అనునదానికంటె 50 అనునది సుమారు రెండింతలు చిక్కన. ఈ యంకెలు డిగ్రీలు కావని గుర్తుంచుకొనవలెను.

ఇక మేము పొరబడిన చోటు. ఎండలు హెచ్చు గనుక చిక్కని నూనె కావలెనని తలచితిమి గదా! పొయ్యిమీద మరుగుచున్న నీరు చలికాలమైనను వేసవియైనను ఒక్క వేడిమిలోనే మరుగును. అట్లే యంత్రము కాగినపిమ్మట దాని నీటియేర్పాటు వేడిమిని హెచ్చుతగ్గులు లేకుండ కాపాడును. లోపలి నూనె యే కాలమందైనను ఇంచుమించు 100 డిగ్రీల దరిదాపులనే యుండును. బయటి యెండ 45 డిగ్రీలైనను దానికది గొప్ప కాదు. కష్టమంతయు ఉదయమున మొదటిసారి బండిని లేపునప్పుడే. రాత్రియంతయు నూనె అడుగునకు జారియుండును. అది వెంటనే పైకెక్కి యినుప భాగములను తడుపవలెను. చిక్కని నూనె ఆలస్యముగా చేరును. అంతవరకు లోహము లోహముతో నొరసికొనును.

మరియు ఎడ్లబండి యిరుసు వేరు, కారు యంత్రము వేరు. యంత్రమునందు తిరుగు ఇరుసునకును దాని తొడుగునకును నడుమ సందు తలవెండ్రుకకంటె సన్నము. ఆ సందులో నూనె పలుచని పొరగా నిలిచి యిరుసును తేల్చియుంచును. సందును బట్టియే నూనెను నిర్ణయింతురు. చిక్కనిదైన చొరదు, శక్తిని వృథాచేయును. మరీ పలుచనిదైన పొర తెగిపోవును. కావున పలుచనిదే మేలని యెవ్వరును తలపరాదు. మా పొరుగువారి పాత డీజిలు జీపు పుస్తకమున 15డబ్ల్యూ-40 అని యున్నది. మా బండి నూనె దానికి విషము. దాని నూనె మా బండికి భారము.

ఆముదమును నిందించుట మా యుద్దేశము కాదు. 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధమున పెక్కు విమానయంత్రములకు ఆముదమును కందెనగా వాడిరి. క్యాస్ట్రాల్ అను ప్రసిద్ధమైన నూనె పేరును ఆముదపు ఇంగ్లీషు పేరునుండియే పుట్టినది. దోషము కందెనది కాదు. తగినది తెలియక వాడిన మాది.

కాబట్టి సోదరీమణులకు మా విన్నపము. బండి పుస్తకమును ఒకసారి చదివి, అందు చెప్పిన నూనె పేరును కాగితముపై వ్రాసి తాళపుచెవుల చెంత నుంచుకొనుడు. పెట్రోలు, డీజిలు భేదమును, ఏ.పి.ఐ. మొదలగు గుర్తులను సరిచూచుకొనుడు. మూత ముద్ర చెడని డబ్బాను మీ యెదుటనే విప్పింపుడు. అప్పుడప్పుడు చదునైన నేలపై బండి నిలిపి, కొంతసేపు తాళి, కొలపుల్లపై నూనె రెండు గీతల నడుమ నున్నదో లేదో చూడుడు. దారిలో నూనెగుర్తు గల యెర్రదీపము వెలిగినచో వెంటనే బండి నాపించుడు. బ్యాటరీని చలికాలము రాకమునుపే పరీక్షింపించుడు.

గడచిన పుష్యమున మరల ఒక తెల్లవారుజామున అత్తగారికి ఆయాసము వచ్చినది. మావారు తాళపుచెవి త్రిప్పగానే బండి కదలినది. వెనుకటి పీటపై అత్తగారు మా భుజమున తల యానించి, "పలుచని అంబలియేనా?" అని మెల్లగా నడిగిరి. ఔనంటిమి.