చిన్ని అడిగిన ప్రశ్న

హనుమకొండ,
ఆదివారం

సుజాతా,

నిన్న మీ ఇంటికి వెళ్లాను. మీ అమ్మ ఫోన్లో నీకు అన్నీ చెప్పదు, అందుకే రాస్తున్నాను. చిన్నికి వేళ్లు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవడం లేదు. అన్నం కలుపుకోలేక చెంచాతో తింటోంది. మెట్లెక్కితే ఆయాసం. స్క్లెరోడెర్మా చర్మం దాటి ఊపిరితిత్తుల దాకా వచ్చిందట.

మూలకణ మార్పిడి మాట డాక్టరు గారే ఎత్తారు. "నా కణాలే తీసి మళ్లీ నాకే ఎక్కిస్తారట. జీన్స్ మారనప్పుడు జబ్బెలా పోతుందక్కా?" అని చిన్ని అడిగింది. ఇరవై ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను, ఇంత మంచి ప్రశ్న క్లాసులో ఎవరూ వేయలేదు.

జన్యువులు అవే ఉంటాయి. ఏది పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చెప్పే రసాయన గుర్తులు వాటి మీద వేరే ఉంటాయి. డీఎన్ఏకి అంటుకునే మిథైల్ అలాంటిదే. మిషిగన్‌లో బ్రూస్ రిచర్డ్‌సన్ బృందం ఆ గుర్తులను తగ్గించే మందు రోగనిరోధక టి కణాలకిచ్చి చూస్తే, అవి సొంత కణాల మీదికే తిరగబడ్డాయి. జన్యువు ఒక్క అక్షరం మారలేదు! మార్పిడిలో అలా దారి తప్పిన కణాలను గట్టి మందులతో తుడిచేసి, ముందే తీసి దాచిన మూలకణాలను ఎక్కిస్తారు. కొత్తగా పుట్టే కణాలు మొదటి నుంచి నేర్చుకుంటాయి. జన్యువుల్లోని మొగ్గు మాత్రం పోదు, కొందరికి తిరగబెడుతుంది.

మిగతాదీ దాచకుండా చెప్పాను. ఈ చికిత్స మీద యూరప్‌లో 156 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. మార్పిడి వర్గంలోని 79 మందిలో 8 మంది మొదటి ఏడాదిలోనే చికిత్స వల్ల పోయారు. తర్వాతి ఏళ్లలో మాత్రం ఆ వర్గంలోనే ఎక్కువ మంది నిలిచారు. అమెరికాలో 75 మందితో చేసిన పరీక్షలో, నాలుగున్నరేళ్లకు ప్రాణానికీ ముఖ్య అవయవాలకూ ముప్పు లేకుండా ఉన్నవాళ్లు మార్పిడి వర్గంలో 79 శాతం, మందుల వర్గంలో 50. 'ఎనిమిది మంది' అన్నప్పుడే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. చిన్ని కదలకుండా విన్నది.

నాకు భయం ఇంకోటి. మీ మామయ్య ఎక్కడిదో కరపత్రం తెచ్చాడు: బొడ్డుతాడు కణాల ఇంజెక్షన్లు, ఆరు డోసులు, ముందే సొమ్ము కట్టాలి. అది ఈ చికిత్స కాదు. అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లో తప్ప అలాంటివి చేయకూడదని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది.

మంగళవారం పెద్దాసుపత్రిలో చూపిస్తున్నాం. మార్పిడికి గుండె తట్టుకుంటుందో లేదో ముందు తేల్చాలి. నేను వెంట వెళ్తున్నాను. మామయ్యతో నువ్వే మాట్లాడు, నీ మాటైతే వింటాడు. సోమవారంలోపే మాట్లాడు.

నీ
రమ