జీతం లేని పనికి వీసా

మన ఇళ్ళలో యాభై దాటిన ఆడవాళ్ళు విమానం ఎక్కడానికి అందరూ ఒప్పుకునే కారణం ఒక్కటే. పురుడు. కూతురికో కోడలికో నెలలు నిండుతుంటే, ఆరు నెలల గడువు పెట్టుకుని, రెండు పెట్టెల నిండా ఊరగాయలూ కారప్పొడులూ బాలింతకాయమూ సర్దుకుని డాలస్‌కో న్యూజెర్సీకో బయల్దేరే తల్లులు శంషాబాద్ విమానాశ్రయంలో ఏ రాత్రి చూసినా కనిపిస్తారు. "అక్కడ నీకేం పని?" అని వాళ్ళని ఎవరూ అడగరు. పనేమిటో అందరికీ తెలుసు. ఆ పనికి జీతం లేదన్న సంగతీ తెలుసు. అయినా దాన్ని ఎవరూ త్యాగమనీ పిచ్చి అనీ అనరు. తల్లి ధర్మం అంటారు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేశాను. అందులో చివరి పద్నాలుగేళ్ళు నర్సింగ్ పాఠాలు చెప్పాను. యాభై తొమ్మిదో ఏట, ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఆఫ్రికాలోని మలావీ దేశంలో రెండేళ్ళపాటు నర్సింగ్ విద్యార్థులకి కాన్పుల పని నేర్పడానికి ఒప్పుకున్నాను. ఉండడానికి ఇల్లు ఇస్తారు. అక్కడి ఉద్యోగుల స్థాయిలో నెల ఖర్చులకి కొంత భత్యం ఇస్తారు. జీతం ఉండదు. ఈ మాట చెప్పిన రోజు నుంచీ మా బంధువులంతా నాకు ఏదో జబ్బు చేసినట్టు మెత్తగా మాట్లాడుతున్నారు. "డబ్బు కోసం అంటే అర్థం చేసుకోవచ్చు. ఊరికే చెయ్యడానికి అంత దూరం పోవాలా?" అన్నారు మా పెద్దాడబిడ్డ. ముప్ఫై మూడేళ్ళుగా నేను ఇంట్లో ఊరికే చేస్తున్నది ఆవిడకి ఒక్కసారి కూడా వింతగా తోచలేదు. దూరం వెళ్ళి చెయ్యడమే వింత అయింది.

వింతకి తోడు ఇంకో చిక్కు ఉంది. టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయికి సంక్రాంతి వెళ్ళిన పది రోజులకి కాన్పు. నా ప్రయాణమూ అప్పుడే. పరాయి దేశంలో పరాయి బిడ్డల్ని పట్టడానికి వెళ్తూ సొంత కూతురి పురుడు వదిలేసే తల్లిని మన భాషలో ఏమంటారో నాకు తెలుసు. ఎవరూ నోటితో అనలేదు, అంతే. అమ్మాయి పది రోజులు ఫోన్ చెయ్యలేదు. పదకొండో రోజు చేసి, చాలాసేపు ఊరుకుని, "అమ్మా, నువ్వొస్తే తను సెలవు పెట్టడు. నువ్వు రాకపోతే పెట్టక తప్పదు. వాళ్ళ ఆఫీసులో తండ్రికి పన్నెండు వారాలు ఇస్తారు, ఎవరూ వాడుకోరు" అంది. దాని గొంతులో కోపం పోలేదు. కోపం ఉంచుకునే ఆ లెక్క వేసింది. అమ్మమ్మల జీతం లేని శ్రమ మగవాళ్ళ సెలవుల్ని మిగిలిస్తోందన్న సంగతి ముప్ఫై ఏళ్ళ పిల్ల చెబితే తెలిసింది నాకు.

మలావీనే ఎందుకంటే, నా వృత్తికి ఆ దేశంతో ఉన్న లెక్క కూడా ఇలాంటిదే. 2000 నాటికి అక్కడి నర్సులు చాలామంది బ్రిటన్ ఆస్పత్రులకి వెళ్ళిపోతుండేవారు. వార్డులు ఖాళీ అయ్యాయి. 2004లో ఆ ప్రభుత్వం దాతల సాయంతో అత్యవసర కార్యక్రమం పెట్టి, ఆరోగ్య సిబ్బందికి జీతం మీద 52 శాతం అదనంగా ఇచ్చింది. శిక్షణ కళాశాలల్లో సీట్లు పెంచింది. తమ మనుషులు తయారయ్యేదాకా ఖాళీలు పూడ్చడానికి విదేశీ వలంటీర్లని పిలిచింది. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది ఇప్పుడు గల్ఫ్‌లోనూ ఇంగ్లండులోనూ ఉన్నారు. మలావీ నర్సు వెళ్ళిన వార్డులోకే వాళ్ళూ వెళ్తారు. ఆ నర్సు వదిలిన చోటుకి నేను వెళ్తున్నాను. సంరక్షణ అనేది పేద ఇళ్ళ నుంచి, పేద దేశాల నుంచి మెట్టు మెట్టుగా పైకి పోయే తీరుకి ఆర్లీ హోక్‌షిల్డ్ 2000లో 'గ్లోబల్ కేర్ చైన్' అని పేరు పెట్టింది. ఆ గొలుసులో నేను కిందివైపుకి నడుస్తున్నాను కాబట్టి గొలుసు తెగుతుందని నాకు భ్రమ లేదు.

ఆఫ్రికాకి మేలు చెయ్యడానికి పోతున్నానన్న భ్రమ కూడా లేదు. పచ్చజ్వరం టీకా కోసం నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకి వెళ్ళాను. అరవై దాటితే ఆ టీకాతో ముప్పు ఎక్కువ కనక డాక్టరు నా వయసు రెండుసార్లు అడిగాడు. మలావీలో ఆ జ్వరం లేదు గానీ నేను అడిస్ అబాబా మీదుగా పోయి రావాలి. పసుపుపచ్చ కార్డు చేతికిస్తూ అక్కడి గుమాస్తా నవ్వి, "నల్లోళ్ళ దేశమా మేడమ్, జాగ్రత్త" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఏసీ గార్డ్స్ మీదుగా వచ్చింది. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరది. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఆ వీధుల్లో ఉన్నారు. ఈ ఊరిలో అన్నేళ్ళుగా ఉన్నవాళ్ళ గురించే మనకి తెలియదు. 2016లో బెంగుళూరులో టాంజానియా విద్యార్థినిని గుంపు కొట్టి బట్టలు లాగేసింది. 2017లో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల మీద పడ్డారు. ఆ వార్తలు వాళ్ళకీ చేరతాయి. 2018లో మలావీలోని బ్లాంటైర్‌లో గాంధీ విగ్రహం పెట్టబోతే, యువకుడిగా దక్షిణాఫ్రికాలో ఆయన నల్లవాళ్ళ గురించి రాసిన మాటలు ఎత్తిచూపి అక్కడివాళ్ళు అడ్డుకున్నారు. కోర్టు పని ఆపించింది. నేను దిగేసరికి నా చర్మం, నా దేశం నాకంటే ముందు అక్కడికి చేరి ఉంటాయన్నమాట. ఇవేవీ తెలియనట్టు నవ్వుముఖంతో దిగడం నాకు చేతకాదు.

సర్దుకోవడం మాత్రం సులువుగానే ఉంది. అక్కడ ప్లగ్గులు బ్రిటిష్ వాళ్ళవి, పలకల మూడు పిన్నులవి. దోమతెర, మలేరియా మాత్రలు, చేతి గడియారం, నాలుగు నూలు చీరలు. చీరలెందుకంటే, అక్కడి ఆడవాళ్ళు చితెంజె అని రెండు గజాల గుడ్డ నడుముకి చుట్టుకుంటారు. బిడ్డని వీపుకి కట్టుకునేదీ, కాన్పుకి వెళ్ళేటప్పుడు వెంట తీసుకుపోయేదీ అదే. పాత చీర ముక్కలో పసిబిడ్డని చుట్టే మనకి ఆ గుడ్డ కొత్తేం కాదు. అధ్యక్షుడు బాండా పాలనలో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోకూడదు, మోకాళ్ళు కనిపించకూడదు అని చట్టమే ఉండేది. 1990ల మొదట్లో గానీ అది పోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన దేశంలో ఆడదాని మోకాలి మీద చట్టం చెయ్యడం మనకి మరీ విడ్డూరమేం కాదు గదా.

చిచెవా భాష కొంచెం కొంచెం నేర్చుకుంటున్నాను. తల్లిని, పెద్ద ఆడమనిషిని 'అమాయి' అంటారు. చెవికి సొంత ఇంటి మాటలా ఉంది. మంత్రసానుల్ని 'అజంబా' అంటారు. 2007లో అక్కడి ప్రభుత్వం వాళ్ళని కాన్పులు చెయ్యొద్దంది. 2010లో అధ్యక్షుడే ఆ నిషేధం ఎత్తేశాడు. మన దగ్గర 2005లో జననీ సురక్ష వచ్చాక కాన్పులన్నీ ఆస్పత్రికి చేరాయి. చాలా ప్రాణాలు నిలిచాయి, కాదనను. కానీ ప్రసవ గదుల్లో నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు తిన్న తిట్లు, తొడల మీద తిన్న దెబ్బలు ఏ రిజిస్టర్లోనూ ఎక్కలేదు. మంత్రసానికి చదువు లేకపోవచ్చు గానీ చెయ్యి పట్టుకుని కూర్చోవడం తెలుసు. "మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని మన పెద్దవాళ్ళ సామెత. అక్కడి పిల్లలకి పాఠ్యపుస్తకంలో ఉన్నది వాళ్ళ టీచర్లే చెప్పగలరు. నేను చెప్పగలిగింది ఆ సామెత ఒక్కటేనేమో. వాళ్ళ భాషలో అలాంటిదే ఉండి, నాకే నేర్పినా ఆశ్చర్యం లేదు.

అన్నిటికంటే కష్టమైన ఏర్పాటు మా ఇంట్లోదే. మా అత్తగారికి ఎనభై ఆరేళ్ళు. స్నానం, మందులు, రాత్రిపూట లేవడం, ఇవన్నీ నా చేతుల మీదుగా జరిగేవి. వాళ్ళబ్బాయికి ఆవిడ బీపీ మాత్ర రంగు కూడా తెలియదు. ఇప్పుడు నేర్చుకుంటున్నారు, కాయితం మీద రాసుకుని మరీ. స్నానానికీ పగలంతా కనిపెట్టుకుని ఉండడానికీ ఒకామెని మాట్లాడుకున్నాం. ఆమె వనపర్తి దగ్గర పల్లెలో తన తల్లిని చెల్లెలి మీద వదిలి వచ్చింది. నేను మలావీ వెళ్ళగలుగుతున్నది ఆమె ఆ పల్లె వదిలి రావడం వల్ల.

జీతం మాట్లాడుతున్నప్పుడు ఆమె నన్ను అడిగింది: "మీరు ఆడ జీతం తీసుకోరంట గదా అమ్మా?"

తీసుకోనన్నాను.

"జీతం వద్దనడానికి గూడ ఉండాలె" అంది. నిష్ఠూరంగా కాదు, వాన వచ్చేట్టుంది అన్నట్టు అంది.

సేవ అన్న మాట మీద నేను చదివినవాటిలో దేనికీ ఇంత సూటిదనం లేదు. ఆమె అడిగిన దానికి ఇంకో వెయ్యి కలిపి, వారానికి ఒక రోజు సెలవు, ఊరికి పోయినప్పుడు జీతం కొయ్యకూడదు అని మా ఆయన చేత రాయించి సంతకం పెట్టించాను. అది ఔదార్యం కాదు. నా సేవ ఎవరి శ్రమ మీద నిలబడుతోందో తెలిశాక, ఆ శ్రమకి కనీసం కాయితమన్నా ఉండాలి.

ఇక మా అత్తగారు. ఆవిడ కాశీ కూడా చూడలేదు. సంగతంతా విని, కాసేపాగి, "ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి బాలింతల పథ్యం ఏం పెడతారు?" అని అడిగారు. మొక్కజొన్న పిండితో సంకటి లాంటిది చేసుకుంటారనీ, దాన్ని న్సిమా అంటారనీ చెప్పాను. పథ్యం సంగతి మాత్రం తెలియదన్నాను. "కనుక్కుని రాయి" అన్నారు. నా ప్రయాణం గురించి ఇంతవరకు నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో నా పనికి సంబంధించినది అదొక్కటే.