దేవరాపల్లి నీళ్ళు

కొత్త వూరికి బదిలీ అయినవాణ్ణి చుట్టాలు ముందుగా అడిగేది జీతం సంగతి కాదు, "అక్కడి నీళ్ళెలా వుంటాయి?" అని. నీళ్ళు పడితే మనిషి ఒళ్ళు చేస్తాడు. పడకపోతే పంచభక్ష్య పరమాన్నాలు తిన్నా చిక్కిపోతాడు. నీటికీ, నేలకీ, ఒంటికీ వున్న సంబంధాన్ని మన పెద్దలు ఆ ఒక్క మాటలో చెప్పారు. అయితే నీళ్ళు పడ్డదీ పడనిదీ తేల్చుకోవడానికి వాళ్ళకున్న మార్గం ఒకటే - తాగి చూడటం! తాగకముందే తేల్చుకొనే శాస్త్రం ఎలా వుంటుందో నేను దేవరాపల్లిలో చూశాను.

అనకాపల్లిలో బస్సెక్కితే చోడవరం మీదుగా దేవరాపల్లి చేరవచ్చు. చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడికి ఒక నమస్కారం పెట్టి ముందుకు సాగితే దారి పొడుగునా చెరకు తోటలు. అనకాపల్లి బెల్లం తియ్యదనమంతా ఈ నేలలోదే. పోగా పోగా తూర్పు కనుమలు దగ్గరికి జరుగుతాయి. తరతరాలుగా విశాఖపట్నం జిల్లాలో వున్న ఈ వూరు 2022 ఏప్రిల్ 4 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా విశాఖతో బంధం తెగలేదు. ఆ బంధం పేరు రైవాడ.

అనంతగిరి కొండల నుంచి దిగివచ్చే శారదా నదికి దేవరాపల్లి దగ్గర కట్టిన జలాశయమది. పూర్తి నీటిమట్టం 114 మీటర్లు. గట్టు మీద నిలబడితే ఒకవైపు కొండల నీడలు నీళ్ళలో వూగుతుంటాయి, రెండోవైపు పొలాలు. ఈ నీరే ఇక్కడి పైర్లకు కావాలి, ఈ నీరే కాలువ వెంట వెళ్ళి విశాఖ నగరం దాహం తీర్చాలి. "మా నీరు మా చేలకే" అని రైతులు ఏళ్ళ తరబడి అడుగుతూనే వున్నారు. నీరు ఎవరికెంత అన్న తగాదా అందరికీ తెలిసినదే. నీరు ఎలాంటిది అన్న ప్రశ్న మాత్రం అంత గట్టిగా వినిపించదు.

ఆ ప్రశ్న పట్టుకొని వచ్చినది మా కాలేజీలో చదివి వెళ్ళిన అమ్మాయి. ఇప్పుడు విశాఖలో పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. నమూనాలు తీసుకోవడానికి వెళుతున్నానంటే, చూద్దామని నేనూ బయలుదేరాను. భుజాన సంచీ, చేతిలో ఐసుపెట్టె, సంచీ నిండా సీసాలు.

"సంస్కృత నిఘంటువుల్లో నీటికి అమృతమనే పేరూ వుంది, విషమనే పేరూ వుంది తెలుసా?" అన్నాను, తెలుగు మేష్టరు బుద్ధి పోనిచ్చుకోక.

"మా పుస్తకంలోనూ అదే వుంది మాస్టారూ. ఏది ఎప్పుడు ఏదవుతుందో మేము లెక్క వేస్తాం, అంతే" అని నవ్వింది.

ఆ లెక్కకు 1983లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి నాలుగు మెట్లు ఏర్పరచిందట. నీటిలోనో, మట్టిలోనో వున్న హాని ఏది? ఎంత మోతాదులో అది ఒంటికి చెరుపు చేస్తుంది? అసలు అది మనుషుల ఒంట్లోకి ఏ దారిన, ఎంత చేరుతోంది? ఈ మూడూ కలిపి చూస్తే ప్రమాదమెంత? విషం వున్నంత మాత్రాన ప్రమాదం కాదు. అది మనిషిని చేరే దారి వుండాలి. దారి మూసేస్తే సగం వైద్యం అయినట్టే.

ఒక పల్లెలో చెరకు తోటను ఆనుకొని వున్న పెంకుటింటి ముందు ఆగాము. పెరట్లో బోరు, దానికి నాలుగడుగుల దూరంలో పశువుల సాల, ఆ పక్కన పెంటకుప్ప. అమ్మాయి కాసేపు నీళ్ళు వదిలి, పంపు మూతిని మంటతో కాల్చి, శుభ్రం చేసి తెచ్చిన సీసాలో నీరు పట్టి ఐసుపెట్టెలో పెట్టింది. మరో చిన్న సీసాలో మందు పూసిన కాగితం ముక్క వుంది. అందులో నీళ్ళు నింపి మూత బిగించింది. మలినపు సూక్ష్మజీవులుంటే ఒకటి రెండు రోజుల్లో నీరు నల్లబడుతుంది. గ్వాలియర్‌లో మన శాస్త్రజ్ఞులే 1982లో ప్రకటించిన పరీక్ష ఇది.

ఇంటి మామ్మ ఇదంతా వింతగా చూసింది. "ముప్పై యేళ్ళుగా ఈ నీళ్ళే తాగుతున్నాను బాబూ. నాకేటయింది?"

"నీకేమీ కాలేదు మామ్మా. ఆ పాలడబ్బా ఎవరిది?" అని అడిగింది అమ్మాయి.

మనవడిదట. మూడు నెలలవాడు. కోడలికి పాలు చాలక డబ్బాపాలు కలుపుతున్నారు, ఈ బోరు నీళ్ళతోనే.

అమ్మాయి ముఖంలో నవ్వు మాయమయింది. అరవై కిలోల మనిషి మూడు లీటర్లు తాగితే కిలో బరువుకు యాభై మిల్లీలీటర్లు. ఆరు కిలోల పసివాడు రోజుకు తొమ్మిది వందల మిల్లీలీటర్లు తాగితే కిలోకు నూట యాభై. నీరు ఒక్కటే, మోతాదు మూడింతలు! యూరియా నుంచీ, పెంట నుంచీ మట్టిలోకి దిగే నైట్రేటు పసివాళ్ళ రక్తాన్ని ప్రాణవాయువు మోయనివ్వదు; ఒళ్ళు నీలంగా మారుతుంది. అయోవాలో కోమ్లీ అనే వైద్యుడు 1945లో బావినీటికీ ఈ జబ్బుకూ వున్న ముడి విప్పాడు. మన దేశపు ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదంటుంది.

"కాచి చల్లార్చి పోస్తామమ్మా" అంది కోడలు.

"కాస్తే పురుగు చస్తుందక్కా. నైట్రేటు చావదు, నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కనవుతుంది. ఫలితం వచ్చేదాకా బాబుకు మాత్రం పరీక్ష చేసిన కుళాయి నీళ్ళు కాచి వాడండి" అని చెప్పి, తరువాత తోటలోకి దిగింది. అడ్డదిడ్డంగా పది పదిహేను చోట్ల జానెడు లోతున మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అరకిలో మిగిల్చింది. పురుగుమందు డబ్బాలు కడిగిన చోట మట్టిని మాత్రం వేరే సంచీలో కట్టింది.

మరునాడు చిన్న సీసా నల్లబడింది. నైట్రేటు లెక్కకు ప్రయోగశాల దాకా ఆగాలి. కోడలు ఆగలేదు. ఆ పూటే బిందె పట్టుకొని వీధి కుళాయికి నడిచిందని ఫోనులో తెలిసింది. పెంటకుప్పను పల్లానికి మార్చే పని మామ్మ కొడుక్కి పడింది. ఒక్క బోరును బట్టి వూరిని తూచకూడదు. పక్క వీధి బోరులో ఆ సీసా తెల్లగానే వుంది.

కంటికి తేటగా, నోటికి తియ్యగా వుంటే మంచినీళ్ళని మన నమ్మకం. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీళ్ళూ తేటగానే వుండేవి. అవి తాగినవాళ్ళ వెన్నులు కొయ్యబారిపోవడానికి ఫ్లోరైడు కారణమని 1937లో షార్టూ, ఆయన సహచరులూ లోకానికి తెలిపారు. అక్కడ దోషం రాతిది. మనిషి చేసిన దోషానికి పటాన్‌చెరువు సాక్షి. మందుల కర్మాగారాల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ వున్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మట్టిలో పడినది మట్టిలోనే వుండిపోదు. వాన దాన్ని గెడ్డకు చేరుస్తుంది, గెడ్డ నదికి చేరుస్తుంది.

శారద విషయంలోనూ ఇదే న్యాయం. విశాఖలో కుళాయి తిప్పే ఇల్లాలికి దేవరాపల్లి ఎక్కడుందో తెలియకపోవచ్చు. కాని ఇక్కడి రైతు తోటలో ఎన్ని బస్తాల యూరియా జల్లాడు, మందు డబ్బా ఎక్కడ కడిగాడు అన్నది ఆమెకు పరాయి సంగతి కాదు. నీరు శుద్ధిచేసే యంత్రాలు నగరంలో వుండవచ్చు. నీటికి కాపలా మాత్రం కొండ దిగువన, చేను గట్టున మొదలవ్వాలి. ఆ కాపలా రైతు ఒక్కడే ఉచితంగా కాయాలనడం న్యాయం కాదు. నీరు పట్టుకెళ్ళే నగరం, నీరిచ్చే పల్లెలో బోర్లకూ మట్టికీ ఏటా పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించాలి. అప్పుడు "ఆ వూరి నీళ్ళెలా వుంటాయి?" అని అడిగిన చుట్టానికి, తాగి చూడమనకుండా, గోడ చూపించి జవాబు చెప్పవచ్చు.